పదిహేడో పేజీలో నేలవేము

రాళ్ళచెలక మండలానికి వన్యమూలికల భద్రతా కార్యాలయం వచ్చిందంటే, ఆ మండలంలో ఎవరికో ఏదో అయిందని కాదు. మూడు జిల్లాల అవతల ఒక పెద్దమనిషి, సుగరు తగ్గుతుందని ఎవరో చెబితే విని, నేలవేము కషాయం చెంబెడు తాగి రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు. ఆయన ఏ గుమాస్తానో అయ్యుంటే సంగతి ఆయన పెరట్లోనే ముగిసిపోయేది. పెద్దమనిషి కావడంతో, అడవిలో మొలిచే మందుమొక్కలన్నిటి మీదా ప్రభుత్వానికి ఒక్కసారిగా అనుమానం పుట్టింది. నెల తిరక్కుండా శాఖ పుట్టింది. శాఖకు కార్యాలయాలు పుట్టాయి. రాళ్ళచెలకలో పశువుల ఆస్పత్రి వెనక, గడ్డి కోసే యంత్రం ఉండే గదిలో, ఆ యంత్రాన్ని ఓ మూలకు జరిపి, మండల మూలికా సహాయకుడు ఎల్లమంద కుర్చీ వేసుకున్నాడు.

ఎల్లమంద అంతకుముందు పట్టుపురుగుల శాఖలో చేసేవాడు. పురుగులన్నీ చచ్చిపోయాక కూడా ఆ శాఖ ఆరేళ్ళు సజావుగా నడిచింది. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, కాస్త పిరికివాడు. పైనుంచి కాగితం వస్తే లేచి నిలబడి చదివేవాడు. కాకపోతే కొండ కింద ఊళ్ళో పుట్టి పెరిగాడు గనక మొక్కలు తెలుసు. అదే ఆయన కొంప ముంచింది.

మొదటి ఉత్తర్వు నలభై రెండు పేజీలు. తొలి దశలో నేలవేము సంగతి చూడాలన్నారు. మండలంలోని ప్రతి నేలవేము మొక్కకూ లేబులు కట్టాలి. లేబులు మీద మొక్క పేరు, "ప్రభుత్వ ధ్రువీకృతం, సురక్షితం" అన్న మాట, పూటకు రెండు చెంచాల కషాయమన్న మోతాదు, అన్నిటికీ కింద సహాయకుడి సంతకం ఉండాలి. లేబులు లేని మొక్కను కోసినా, నూరినా, ఇంకొకరికి ఇచ్చినా నేరం. సిబ్బంది పొరబడకుండా పదిహేడో పేజీలో రంగుల ఫోటో వేశారు.

ఎల్లమంద నిలబడే పదిహేడో పేజీ తిప్పాడు. తిప్పి, కూర్చున్నాడు.

నేలవేము మూరెడు ఎత్తున సన్నగా పెరుగుతుంది. కాడ నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకు కత్తిమొనలా ఉంటుంది, పువ్వు వెతికితే గాని కనబడదు. ఆకు నాలుక మీద పెడితే రాత్రి తినే అన్నం కూడా చేదుగానే ఉంటుంది. ఫోటోలో ఉన్నది అది కాదు. అరచేతంత ఆకులు, గరాటులాంటి తెల్లపువ్వు, పక్కనే ఒళ్ళంతా ముళ్ళున్న కాయ. ఉమ్మెత్త. ఎవరైనా పిచ్చిగా మాట్లాడితే ఉమ్మెత్తకాయ తిన్నావా అని అడగడం ఆ ప్రాంతంలో మామూలు. అలాంటి ఉమ్మెత్త కింద, చక్కని అచ్చక్షరాల్లో "నేలవేము" అని ఉంది.

మర్నాడే బస్సెక్కి జిల్లా అధికారి పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాడు. పరాంకుశం గారు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క తప్పూ చెయ్యలేదని పేరు. ఏ నిర్ణయమూ చెయ్యకపోవడం వల్ల అది సాధ్యమైందని గిట్టనివాళ్ళు అనేవారు. జేబులో ఎప్పుడూ ఆకుపచ్చ సిరా కలం ఉండేది.

ఎల్లమంద చెప్పింది ఆయన శ్రద్ధగా విన్నాడు. ఫోటో కూడా చాలాసేపు చూశాడు.

"కింద ఏమని రాసి ఉంది?" అని అడిగాడు.

"నేలవేము అని సార్."

"రాసిందెవరు?"

"ప్రభుత్వం సార్."

"నువ్వెవరు?"

"మండల సహాయకుణ్ణి సార్."

"మరి?" అన్నాడు పరాంకుశం గారు.

ఆ తర్వాత ఓపిగ్గా విడమర్చాడు. ఉత్తర్వులో తప్పు ఉంటే సవరణ వస్తుంది. సవరణ రాలేదు. కాబట్టి తప్పు లేదు. అయినా మనిషి మంచివాడు గనక, క్షేత్రస్థాయిలో కొంత సందిగ్ధత నెలకొన్నదంటూ పైకి ఒక లేఖ పంపించాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. "నిపుణుల సంఘము మూడు ఫోటోలను కూలంకషముగా పరిశీలించి, పుష్పము స్పష్టముగాను, చూపరులకు ఆహ్లాదకరముగాను ఉన్న కారణమున ప్రస్తుత ఫోటోను ఎంపిక చేసియున్నది. క్షేత్రస్థాయి సిబ్బంది తమ వ్యక్తిగత అభిప్రాయములను మొక్కలపై రుద్దరాదని తెలియజేయడమైనది."

ఇంక ఎల్లమంద చేసేదేముంది. లేబుళ్ళ కట్టలు, పురికొస ఉండలు సైకిలుకు తగిలించుకుని బయల్దేరాడు. రోడ్డు వార, చెరువుకట్ట మీద, పెంటకుప్పల పక్కన, ఉమ్మెత్త ఎక్కడుంటే అక్కడ వంగి, "సురక్షితం" అని కట్టుకుంటూ పోయాడు. పొలాలకు పోయే ఆడవాళ్ళు ఆగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పోయేవారు. మేకలు ఎప్పట్లాగే ఆ మొక్కల జోలికి రాలేదు. చదువు రానివాళ్ళకు దానివల్ల ప్రమాదం లేదని ఎల్లమందకు నాలుగు రోజుల్లోనే అర్థమైంది. లేబులు చదవగలిగిన వాళ్ళతోనే భయం.

ఆ భయం ఊరికే పోలేదు. ఒక ఉదయం పట్నం నుంచి కారులో పోతున్న ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరు, రోడ్డు పక్కన లేబులు చూసి ఆగి, కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఎంతో సంతోషించి, రెండు మొక్కలు వేళ్ళతో సహా పీకాడు. ఎల్లమంద సైకిలు పడేసి పరిగెత్తాడు. అది ఉమ్మెత్తండీ, విషం అని చెబితే ఆ పెద్దమనిషి లేబులు చూపించి, ఇక్కడ సంతకం పెట్టినవాడికంటే నీకెక్కువ తెలుసా అని అడిగాడు. ఆ సంతకం తనదేనని చెప్పడానికి ఎల్లమందకు నోరు రాలేదు. ఈ బ్యాచి గడువు దాటిపోయిందండీ, వెనక్కి తీసుకుంటున్నాం అన్నాడు. గడువు అన్న మాట వినగానే ఆయన మొక్కలు కింద పడేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. విషమంటే నమ్మని మనిషి గడువంటే నమ్మాడు.

ఇక నాసరమ్మ విషయం. గొర్రెలోళ్ళ వాడలో ఉంటుంది. అరవై పైబడిన మనిషి. భర్త పోయాక పది మేకలతో ఒంటరిగా బతుకుతోంది. జ్వరమొచ్చినవాళ్ళు ఆమె గడపలోకి వచ్చి నేలవేము అడగడం ముప్పై ఏళ్ళ నుంచీ ఉంది. ఇప్పుడు అలా ఇవ్వాలంటే అర్హతా పరీక్ష పాస్ కావాలి. పరాంకుశం గారు స్వయంగా వచ్చి గడ్డియంత్రం గదిలో పరీక్ష పెట్టాడు. ఎల్లమంద జవాబులు రాసుకున్నాడు.

మొదటి ప్రశ్న, ఈ ఫోటోలోని మొక్క పేరేమిటి అని. ఉమ్మెత్త అంది నాసరమ్మ. పరాంకుశం గారు ఇంటూ పెట్టాడు. రెండో ప్రశ్న, దీని మోతాదెంత అని. దానికి మోతాదు లేదయ్యా, ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవడమే అంది. ఇంకో ఇంటూ పడింది. మూడోది, నేలవేము ఎవరెవరికి ఇవ్వవచ్చును అని.

"ఎవరికివ్వకూడదో చెబుతా, రాసుకోండి," అంది నాసరమ్మ. "కడుపుతో ఉన్నదానికి ఇవ్వకూడదు. పాలిచ్చే తల్లికి, చంటిబిడ్డకి ఇవ్వకూడదు. సుగరు బిళ్ళలు, బీపీ బిళ్ళలు మింగేవాళ్ళు డాక్టర్నడగాల. ఎవరికైనా మూడు రోజులే. మూడో రోజుకి జ్వరం దిగకపోతే నా గడప తొక్కద్దు, ఆస్పత్రికి పొమ్మంటా."

ఎల్లమందకు అది వింటుంటే, నలభై రెండు పేజీల్లో ఉండవలసింది ఇదే కదా అనిపించింది. పరాంకుశం గారు మాత్రం నొచ్చుకున్నాడు. ప్రభుత్వం సురక్షితమని ధ్రువీకరించిన మూలికపై ప్రజల్లో భయాందోళనలు రేకెత్తిస్తున్నందుకు ఒక మార్కు తీసేశాడు. ఆ విధంగా నాసరమ్మకు మూడుకు మైనస్ ఒకటి వచ్చింది.

ఇన్నాళ్ళూ ఏ మొక్క ఇస్తున్నావమ్మా అని ఆయన అడిగితే, ఆమె కొంగున కట్టుకొచ్చిన నేలవేము రెబ్బ బల్ల మీద పెట్టింది. పరాంకుశం గారు దాన్ని పదిహేడో పేజీ పక్కన పెట్టి చూశాడు. ఆకు కలవలేదు. పువ్వు కలవలేదు. ముళ్ళకాయ అసలే లేదు. విషయం ఆయనకు ఇట్టే అర్థమైపోయింది. నేలవేము పేరుతో మండలంలో ముప్పై ఏళ్ళుగా ఒక నకిలీ మొక్క చలామణీలో ఉంది.

వారం తిరిగేసరికి "నకిలీ నేలవేము నిర్మూలన" మొదలైంది. ఎల్లమంద నలుగురు కూలీలను వెంటబెట్టుకుని గట్లన్నీ తిరిగి, మొలిచిన నేలవేమునల్లా పీకించాడు. నాసరమ్మ దొడ్డి వెనక ఉన్నవి మాత్రం తనే పీకాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఏదన్నా అని ఉంటే బాగుండునని ఎల్లమంద రెండు రోజులు బాధపడ్డాడు. పీకినవాటిని సాక్ష్యంగా భద్రపరచమన్నారు గనక నీడన ఆరబెట్టి, పదకొండు గోతాలకు ఎత్తి, సీలు వేసి, గడ్డియంత్రం పక్కన పేర్చాడు.

ఇంతలో నేలవేము వారోత్సవాలు చెయ్యాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. ప్రారంభోత్సవం రాళ్ళచెలక బాలికల వసతిగృహంలో పెట్టారు. ముందు అధికారులు వేదిక మీద కషాయం సేవించి ప్రజల్లో విశ్వాసం పాదుకొల్పాలి. ఆ పైన రెండు వందల పన్నెండు మంది ఆడపిల్లలకు తలా ఒక గ్లాసు ఇవ్వాలి. కషాయం కాచే బాధ్యత మండల సహాయకుడిది. పదిహేడో పేజీలోని మొక్క ఆకులు ఇరవై కిలోలు వాడాలి.

ఆ కాగితం ఎల్లమంద నిలబడి చదవలేదు. పొద్దున్నే నాసరమ్మ ఇంటికి పోయాడు. ఆమె మేకపాలు పితుకుతోంది. పాలు పితకడం అయ్యేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఉద్యోగం మానేస్తానత్తా అన్నాడు.

"నువ్వు మానేస్తే ఇంకోడొస్తాడు," అంది నాసరమ్మ. "వాడికి ఉమ్మెత్తంటే తెలుసో తెలీదో. నువ్వుండాల్సిందే."

ఏం చెయ్యాలో కూడా ఆమే చెప్పింది. వేదిక మీది వాళ్ళకు అసలు నేలవేము కాచి పోయమంది. మరి పిల్లలకో అని అడిగితే, జ్వరం లేని పిల్లకు మందెందుకని ఆమె ఎదురడిగింది. బెల్లప్పానకం పోస్తే సరిపోతుందంది. ఇక నేలవేము ఎక్కడ దొరుకుతుందన్నది ప్రశ్న. మండలంలో ఒక్క మొక్క మిగల్లేదు. ఉన్నదల్లా ఎల్లమంద సీలు వేసిన గోతాల్లో ఉంది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒక గోతం విప్పారు. నాసరమ్మ గుప్పెడు తీసి వాసన చూసి, నీడన బాగా ఆరబెట్టావు, సర్కారు పని లాగా లేదు అంది. ఎల్లమందకు ఆ ఏడాదిలో దక్కిన మెప్పు అదొక్కటే.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. వేదిక మీద ఆరుగురు అధికారులు తలా రెండు చెంచాలు పుచ్చుకున్నారు. పరాంకుశం గారి ముఖం అష్టవంకరలు పోయింది, కానీ చిరునవ్వు చెదరలేదు. కింద పిల్లలు మిరియాలు, యాలకులు వేసిన పానకం తాగి, రెండో గ్లాసు కోసం మళ్ళీ వరసలో నిలబడ్డారు. విద్యార్థినులలో వన్యమూలికల పట్ల విశేష ఆదరణ వ్యక్తమైనదని నివేదికలో రాశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎల్లమంద ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

అయితే వేదిక మీది కషాయంలోంచి ఒక సీసా జిల్లా ప్రయోగశాలకు వెళ్ళిన సంగతి ఆయనకు తెలియదు. ప్రయోగశాల వాళ్ళు పదిహేడో పేజీలోని మొక్కను నూరి, కాచి, దాన్ని ప్రమాణంగా పెట్టుకుని ఉన్నారు. తొమ్మిదో రోజు ఫలితం వచ్చింది. సదరు కషాయంలో నేలవేము ఆనవాళ్ళు బొత్తిగా లేవు. పూర్తిగా నకిలీ. కల్తీ కషాయంతో ఆరుగురు అధికారుల ఆరోగ్యంతో చెలగాటమాడినందుకు ఎల్లమందకు మెమో అందింది.

విచారణ ఆ గడ్డియంత్రం గదిలోనే జరిగింది. పరాంకుశం గారు విచారణాధికారి. నాసరమ్మను సాక్షిగా పిలిపించారు. ప్రయోగశాల గుమాస్తా ఒకాయన ప్రామాణిక కషాయం సీసా పట్టుకుని వచ్చాడు.

"నువ్వు కాచిన మొక్క ఏది?" అని అడిగాడు పరాంకుశం గారు.

"నేలవేమే సార్."

"ఏ నేలవేము?"

"అసలుది సార్."

"అసలుదంటే?"

ఎల్లమంద గోతాల మీది సీళ్ళ వైపు చూశాడు. "నకిలీది సార్," అన్నాడు.

పరాంకుశం గారు దాన్ని నేరాంగీకారంగా రాసుకున్నాడు. ఎందుకు చేశావని అడిగితే, ఎల్లమంద జీవితంలో మొదటిసారి అధికారి ముందు గొంతు పెంచకుండానే గట్టిగా మాట్లాడాడు. ఆ సీసాలో ఉన్నది ఉమ్మెత్త అని, ఆ రోజు అది పోసి ఉంటే రెండు వందల పన్నెండు మంది పిల్లలు ఆస్పత్రి నేల మీద ఉండేవాళ్ళని, పిల్లలే కాదు, తమరూ ఉండేవారని చెప్పాడు. నాసరమ్మ అవునంది.

పరాంకుశం గారికి కోపం రాలేదు. జాలి వేసింది. నీ అపోహ తొలగించడం నా బాధ్యత అని, ప్రామాణిక కషాయం సీసా మూత తీసి, చెంచాలో పోసుకున్నాడు. వద్దు సార్ అని ఎల్లమంద లేచేలోపు ఒక చెంచా గొంతు దిగింది. రెండోది పోసుకోబోతుంటే ఎల్లమంద సీసా లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. విచారణాధికారి విధులకు ఆటంకం అని పరాంకుశం గారు ఆకుపచ్చ సిరాతో ఇంకో అభియోగం రాసి, విచారణ కొనసాగించాడు.

అప్పుడే ఆస్పత్రికి పోదాం రమ్మని ఎల్లమంద బతిమాలాడు. ఆయన కదల్లేదు. అరగంటకు నోరెండిపోతోందని మంచినీళ్ళు అడిగాడు. మళ్ళీ అడిగాడు. ముఖం కందగడ్డలా అయింది. కాగితం మీద అక్షరాలు కనబడక దూరంగా పెట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు. కాసేపటికి లేచి గడ్డియంత్రానికి నమస్కారం పెట్టి, మీ బదిలీ విషయం పరిశీలనలో ఉందని చెప్పాడు. ఆ తర్వాత గాల్లోంచి కనబడని దారాలు పీకి, వాటిని ఫైలులో పెట్టడం మొదలుపెట్టాడు. ప్రయోగశాల గుమాస్తా తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు.

ఎల్లమంద నాసరమ్మ వైపు చూశాడు.

"దీనికి నా దగ్గర మందు లేదు. ఎవరి దగ్గరా పసరు లేదు. ఆటో పిలువు, పెద్దాస్పత్రికే," అంది ఆమె. అని, తనే పరాంకుశం గారి చెయ్యి పట్టుకుని నడిపించింది.

ఆటోలో ఆయనకు ఒక పక్క నాసరమ్మ, ఒక పక్క ఎల్లమంద కూర్చున్నారు. దారి పొడవునా ఉమ్మెత్తలు లేబుళ్ళు కట్టుకుని నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూ పరాంకుశం గారు ఉన్నట్టుండి స్పష్టంగా, రాసుకో అన్నాడు. ఎల్లమంద మెమో వెనక్కి తిప్పి రాసుకున్నాడు. పదిహేడో పేజీలో ఉన్నది ఉమ్మెత్త. ఇది విషము. ఎవరూ తాగరాదు. లేబుళ్ళు వెంటనే తొలగించవలెను. నాసరమ్మ ఇచ్చునదే నేలవేము. ఆమె చెప్పినట్లు నడుచుకొనవలెను. ఇంతా చెప్పి, వంకరటింకరగా ఆకుపచ్చ సంతకం చేసి, ఎదుటి సీటులో లేని మనిషిని టీ తెమ్మన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చేసిన మొదటి నిర్ణయం అదే.

ఆస్పత్రిలో రెండు రోజులుంచుకుని పంపించారు. ఒక్క చెంచాతో ఆగింది గనక బయటపడ్డాడు, ఇంకొంచెం లోపలికి పోతే మా చేతిలో ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఈలోపు ఎల్లమంద ఆ కాగితాన్ని రిజిస్టరు పోస్టులో పైకి పంపించేశాడు.

నెలన్నరకు జవాబు వచ్చింది. సదరు లేఖ రాయించిన సమయమున అధికారి మతిస్థిమితము కోల్పోయి ఉన్నట్లు వైద్య ధ్రువపత్రము స్పష్టము చేయుచున్నందున, లేఖ చెల్లదు. అయితే క్షేత్రస్థాయిలో ఒక దుష్ప్రభావము దృష్టికి వచ్చినందున, ప్రజల భద్రతను ఉద్దేశించి లేబులులో ఒక వాక్యము చేర్చడమైనది. కొత్త లేబుళ్ళు ఇందుతో జతపరచడమైనది.

పరాంకుశం గారు అప్పటికి ఆఫీసుకు వస్తున్నాడు. ఆటోలో ఏం చెప్పాడో ఆయనకు గుర్తు లేదు, గుర్తు చెయ్యవద్దని ఎల్లమందను కోరాడు. కల్తీ కషాయం కేసు మాత్రం ఇంకా నడుస్తోంది. కానీ ఆయన పదిహేడో పేజీ తెరవవలసి వచ్చినప్పుడల్లా పదహారు దగ్గర ఆగిపోయేవాడు.

కొత్త లేబుళ్ళ కట్ట సైకిలుకు తగిలించుకుని పోతుంటే చెరువుకట్ట మీద మేకల్ని తోలుకుంటూ నాసరమ్మ ఎదురైంది. అందులో ఏం రాశారో చదవమంది. ఎల్లమంద సైకిలు స్టాండు వేసి చదివాడు.

"నేలవేము. ప్రభుత్వ ధ్రువీకృతం. సురక్షితం. గమనిక: సేవించినవారికి ఇది ఉమ్మెత్త అనియు, విషమనియు తాత్కాలికముగా భ్రమ కలుగవచ్చును."

నాసరమ్మ ఇంకోసారి చదివించుకుంది.

"ఉమ్మెత్త అని రాశారు, విషమనీ రాశారు," అంది. "చాల్లే అబ్బాయ్. కట్టు."

ఎల్లమంద వంగి కట్టడం మొదలుపెట్టాడు.